గాత్రం – గానం – గాయకుని పూచీ

పాట గురించి మన సభల్లో రెండు మాటలు తరచుగా వినబడతాయి. "గొంతుదేముందండీ, భావం ముఖ్యం" అన్నది ఒకటి. "భావం అందరికీ ఉంటుంది, గొంతు పలకొద్దూ?" అన్నది రెండోది. మొదటిది సాధారణంగా మనవాళ్ళు అనే మాట. రెండోది సంగీత సభల్లో ముందు వరస కుర్చీలవారిది. చూడబోతే ఈ రెండూ బద్ధవిరుద్ధాలు. కాని రెండింటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే: గొంతు వేరు, భావం వేరు, ఒకటి ముంత, మరొకటి ముంతలో పోసేది. ముంత మెరిస్తే చాలునని వారూ, లోపలిది రుచిగా ఉంటే ముంతకు చిల్లున్నా ఫరవాలేదని వీరూ అంటున్నారు.

ఈ ఊహే నిజమైతే, సాధకుడు కళాకారుడుగా ఎలా ఎదుగుతాడన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. గొంతు తయారైనాక భావమనేది ఎక్కడినుంచో వచ్చి అందులో పడాలి; లేదా పుట్టుకతోనే ఉండాలి. దైవదత్తమనీ, పూర్వజన్మ సుకృతమనీ చెప్పుకోవడానికి ఇంతకంటే అనువైన సిద్ధాంతం మరొకటి లేదు. భౌతికవాదులమని చెప్పుకునే మనం కూడా పాట దగ్గరకు వచ్చేసరికి ఈ మాటలకు తల ఊపడం విచిత్రం.

మన ప్రాచీన లాక్షణికులు ఈ విషయంలో మనకంటే మెలకువగా ఉన్నారు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉండి సంగీతరత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు గాయకులను ఐదు తెగలుగా విభజించాడు. నేర్చుకున్నది తప్పులేకుండా చెప్పగలవాడు శిక్షాకారుడు. ఇతరుల బాణీని అనుకరించేవాడు అనుకారుడు. రసంలో తాను మునిగేవాడు రసికుడు. శ్రోతలను రంజింపజేసేవాడు రంజకుడు. పాటకు ఒక అతిశయాన్ని చేకూర్చేవాడు భావుకుడు. ఇందులో గమనించవలసింది ఒకటుంది. తాను మునిగినవాడూ, జనాన్ని మెప్పించినవాడూ, భావుకుడూ ఒకరు కారు. పాడేటప్పుడు కళ్ళవెంట నీరు పెట్టుకున్నంత మాత్రాన భావుకుడు కాడు. చప్పట్లు పడినంత మాత్రాననూ కాడు. ఇదే శార్ఙ్గదేవుడు గాయకుల దోషాలను ఏకరువు పెడుతూ, పళ్ళు బిగించి పాడటంతోపాటు మాట తెలియకుండా పాడటాన్ని కూడా చేర్చాడు. దానికి అవ్యక్తమని పేరు. ఏడు వందల ఏళ్ళ కిందటి ఈ దోషం మన సభల్లో ఇప్పటికీ చెల్లుబడిలోనే ఉంది.

ఎందుకు చెల్లుబడి అయిందో తెలుసుకోవాలంటే మన శిక్షణ క్రమాన్ని చూడాలి. పురందరదాసు పేరుమీద వచ్చిన క్రమం అది. పిల్లవాడు మాయామాళవగౌళలో సరళీ వరుసలతో మొదలుపెడతాడు. జంట వరుసలు, అలంకారాలు, మూడు కాలాలు; ఆ పైన పిళ్ళారి గీతాలు. గీతాల భాష కన్నడమో సంస్కృతమో. తర్వాత వర్ణాలు. వర్ణంలో సాహిత్యం స్వల్పం. ఉన్న నాలుగు అక్షరాలూ స్వరాలను మోయడానికి సాగదీసిన అచ్చులు. ఇన్ని ఏళ్ళు గడిచాక గాని కృతి రాదు. కంఠానికీ, లయకూ ఈ క్రమం చేసే మేలు అసాధారణమైనది. దాన్ని వెక్కిరించేవారు ఒక్క నెల దాన్ని సాధనచేసి చూడాలి. కాని ఈ ఏళ్ళన్నింటిలోనూ గొంతు మరో పాఠం కూడా నేర్చుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే: అక్షరమనేది స్వరాన్ని తగిలించే కొయ్యమేకు. త్యాగరాజు (1767–1847) కృతి చేతికి వచ్చేనాటికి ఆ పాఠం బాగా ముదిరి ఉంటుంది. అందుకే మాట సగంలో విరిగి, తెగిన ముక్క పక్క మాటకు అతుక్కుని, రెండూ అర్థం పోగొట్టుకుంటాయి. తెలుగు రాని తమిళ విద్వాంసులే ఇలా చేస్తారని ఆడిపోసుకోవడం మనకు అలవాటు. మనవాళ్ళు తక్కువ తిన్నదేమీ లేదు. నెరవు వేయడానికి ఒక పంక్తిని ఎన్నుకున్నప్పుడు, ఆ పంక్తిలో ఏ మాట మళ్ళీ మళ్ళీ అనదగినదో, ఎక్కడ ఆగితే అపార్థం వస్తుందో ఆలోచించేవారు తెలుగు గాయకులలో మాత్రం ఎందరు?

అయితే భావమంటే ఏమిటి? గాయకుని గుండెలో ఆ క్షణాన కలిగే ఉద్రేకమా? కాదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఫ్రెంచి తత్వవేత్త దిదెరో 1770ల ప్రాంతంలో నటుని గురించి ఒక సంభాషణ రాశాడు. అతను పోయాక, 1830లో గాని అది అచ్చుకాలేదు. గొప్ప నటుడు ఉద్రేకానికి లోబడేవాడు కాదు, దాని లక్షణాలను చల్లగా పరిశీలించి చూపగలవాడు అన్నది అందులో వాదం. వాదాన్ని అతను కొంచెం అతిగా లాగాడేమో గాని, గాయకుని విషయంలో దానికి శరీరశాస్త్రమే సాక్ష్యం చెబుతుంది. నిజంగా ఏడుపు వచ్చినవాడి గొంతు పూడుకుపోతుంది, ఊపిరి తెగుతుంది, శ్రుతి జారుతుంది. దుఃఖం వినిపించాలంటే దుఃఖం కంఠాన్ని పట్టుకోకూడదు. రసం పుట్టేది సహృదయునిలో గాని నటునిలో కాదని మన అభినవగుప్తుడు అన్నదీ ఇంచుమించు ఈ దారిదే.

నా అభిప్రాయంలో భావమంటే మాటకు పూచీ పడటం. ఈ మాట ఎవరిది? ఎవరితో అంటున్నారు? ఏ స్థితిలో? ఇది నేనంటే ఎవరికి ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు గాయకుడు తనలో తాను జవాబు చెప్పుకున్న క్షణంలో అతని సాధనకు ఒక కొలబద్ద దొరుకుతుంది. అంతవరకూ చేయగలిగినదల్లా చేస్తాడు. ఇకమీదట చేయవలసినదే చేస్తాడు. గమకం ఇక్కడ ఉండాలా, వద్దా? ఊపిరి ఇక్కడ తీయాలా, రెండు మాటలు దాటాకనా? ఇవి సాంకేతికమైన ప్రశ్నలే, కాని వీటికి సాంకేతికమైన జవాబులు లేవు. (మాటలే లేని రాగాలాపన సంగతేమిటని అడగవచ్చు. అక్కడ పూచీ రాగానికి. ఏ స్వరం దగ్గర నిలవాలో, ఏ స్వరాన్ని తాకీ తాకనట్టు వదలాలో తెలియడమే అక్కడి భావం. దాన్ని గురించి చెప్పగలవారు వేరే ఉన్నారు.)

ఇందుకు మన తెలుగునాట పద్యం కంటే మంచి ఉదాహరణ లేదు. పద్యాన్ని రాగం కట్టి పాడటం తెలుగువారి సొంత ఆస్తి అని గర్వపడుతుంటాం. ఆ ఆస్తి చరిత్ర కొంచెం చూద్దాం. పెట్రోమాక్సు దీపాల కింద, మైకులేని రోజుల్లో, వేలమంది ఎదుట నటుడు పద్యం పాడాలి. చివరి వరసలో నేలమీద కూర్చున్నవాడికి వినబడాలి. అందుకని శ్రుతి హెచ్చింది. తారస్థాయి నటునికి ఇల్లయింది. పద్యం చివరి అచ్చును పట్టుకుని హార్మోనియంతో పందెంవేసినట్టు రాగం తీయడం రివాజయింది. "వన్స్ మోర్" అని కేక పడితే అదే పద్యం మళ్ళీ ఎత్తుకోవాలి. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను తెలుగువారందరికీ తెలిసిందే. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకంలోని ఆ రంగంలో జాషువా శ్మశాన పద్యాలను చేర్చి పాడటం ఆనవాయితీ. పుట్టుక కారణంగా పంక్తికి దూరంగా కూర్చోబెట్టబడిన కవి, చావు దగ్గర అందరూ ఒకటేనని రాసిన పద్యాలవి. వాటిని చితిమంటల మధ్య నిలబడిన హరిశ్చంద్రుడు పాడుతుండగా, జనం ఈలలు వేసి మళ్ళీ పాడమంటారు. అతను కాటికాపరి కర్రను చంకన పెట్టుకుని, హార్మోనిస్టు వైపు ఒక చూపు చూసి, మళ్ళీ అందుకుంటాడు. ఆ పద్యాలు ఎవరిని నిలదీస్తున్నాయో, ఆ పెద్దమనుషులే ముందు వరసలో కూర్చుని చదివింపులు ప్రకటించేవారు. రాగం వారికి అడ్డుగోడలా పనికివచ్చింది. మాట తగలకుండా రాగం కాపాడింది.

అలాగని ఆ ఈలలు వేసిన జనాన్ని అలగా జనమని తీసిపారేయడానికి నేను సిద్ధంగా లేను. సంగీత కచ్చేరీ గడప తొక్కే అవకాశం వారికి ఎవరిచ్చారు? మోహన, కల్యాణి, కానడ రాగాలు పేర్లు తెలియకపోయినా వారి చెవినపడింది పద్యంద్వారానే. పేదవాడి కచ్చేరీ అది. పది మైళ్ళు బండి కట్టుకుని వచ్చిన రైతు మరొకసారి వినాలనుకోవడంలో న్యాయం ఉంది. కనుక "ప్రజలు మెచ్చారు, కాబట్టి సరే" అన్నవారూ, "ప్రజలు మెచ్చారు, కాబట్టి నాసి" అన్నవారూ ఇద్దరూ తొందరపడ్డారనే అంటాను. జనానికి దక్కిన దాన్ని జనం ప్రేమించారు. దానివల్ల దక్కకుండా పోయింది పద్యంలోని మాట.

ఆ మాటను తిరిగి ఇచ్చినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు ఘంటసాల (1922–1974). మైకు వచ్చింది కనుక ఇది జరిగిందని చెప్పడం సులభం. నిజమే, 1925 నుంచి విద్యుత్తుతో రికార్డింగు మొదలైంది, మెల్లగా అన్న మాట కూడా మైకులో పడుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులో ఒక వైపున పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు మాత్రమే. అందులో రాగం సాగదీస్తే పద్యానికి చోటుండదు. భౌతిక పరిస్థితి దారి తెరిచింది. కాని దారి తెరుచుకున్నంతలో అందరూ నడవలేదు. అదే మైకు ముందు నిలబడి, పందిరి చివర ఉన్నవాడికి వినిపించడానికన్నట్టు పాడినవారు ఎందరో ఉన్నారు. పరిస్థితి అవకాశం ఇస్తుంది, ఎన్నుకోవలసింది మనిషి. మన సిద్ధాంతాన్ని యాంత్రికంగా అప్పగించేవారు తరచు మరిచిపోయే సంగతి ఇది.

ఘంటసాల ఏమి ఎన్నుకున్నాడు? జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం పద్యాల రికార్డు మళ్ళీ వినండి. పూలు కోయవచ్చిన మనిషితో పూలు మాట్లాడతాయి. గొంతు మంద్రానికీ మధ్యానికీ నడుమ, మాట్లాడే మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది. పాదం చివర రాగం ఉంది. అయితే ఊపిరి తీసుకోవడానికి, విన్నమాట మనసుకు పట్టడానికి ఎంత కావాలో అంతే. సమాసం విరిగేది అర్థం విరిగేచోటనే. ఛందస్సు తెలిసినవాడికి యతిస్థానం వినిపిస్తుంది, తెలియనివాడికి అడ్డు రాదు. ఇలా పాడినవాడు పెద్ద గమకాలు చేతకాక మానుకున్నవాడు కాదు. విజయనగరం సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రి శిక్షణలో రాటుదేలిన గాత్రం అది. 'జయభేరి' (1959)లో ఆయన శాస్త్రీయ పద్ధతిలో పాడినది విన్నవారెవరికీ ఆ గొంతు శక్తిమీద సందేహం ఉండదు. ఆ శక్తి ఉండీ పద్యం దగ్గర దాన్ని ముడిచిపెట్టాడు. ఉన్నవాడు వదులుకుంటే అది ఎన్నిక. లేనివాడు "నేను వదులుకున్నాను" అంటే నవ్వుతాం. గాత్రసాధనకూ గానకళకూ ఉన్న సంబంధం నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. సాధన పెంచేది ఎన్నుకునే స్వేచ్ఛను. మూడు విధాలుగా పాడగలవాడే రెండు విధాలను కాదనగలడు. ఒక్క విధమే చేతనైనవాడి పాటలో ఎన్నికే లేదు.

శిక్షణ అంటే కళాశాలే అనడం లేదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తాను శాస్త్రీయ సంగీతం క్రమంగా నేర్చుకోలేదని పలుమార్లు చెప్పుకున్నాడు. 'శంకరాభరణం' (1980) పాటలకు జాతీయ బహుమతి అందుకున్నవాడు ఆయనే. నేర్వడానికి రికార్డింగు గదికూడా ఒక బడి. ఈనాడు ఆ గదిలోకి మరొక యంత్రం వచ్చింది. జారిన శ్రుతిని అదే లాగి సరిచేస్తుంది. శిక్షాకారుని పనిలో సగం ఇక యంత్రానిదన్నమాట. దీన్ని చూసి బెంగపడేవారున్నారు. నాకు మాత్రం ఒక మేలు కనిపిస్తోంది: తప్పులేకపోవడమే గొప్పతనమని ఇన్నాళ్ళూ చెల్లించుకున్నవారికి ఇకమీద జరుగుబాటు కష్టం.

పుష్పవిలాపం గురించి ఇంకొక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. ఆ గానంలో లోపం లేదు. కాని పూవు కోసం కంట తడిపెట్టే మన మధ్యతరగతి శ్రోత, తెల్లవారకముందే లేచి ఆ పూలు కోసే కూలిపిల్ల కోసం ఎన్నడైనా తడిపెట్టాడా? గాయకుడు మాటకు పూచీ పడతాడంటే, ఎలా అనాలన్నదానికే కాదు, ఏమి అనాలన్నదానికి కూడా.

ఈ రెండో పూచీని నిండుగా మోసినవాడు పాల్ రోబ్సన్ (1898–1976). బానిసత్వంనుంచి తప్పించుకు వచ్చినవాని కొడుకు; న్యాయశాస్త్రం చదివినవాడు. 1925లో న్యూయార్కులో లారెన్స్ బ్రౌన్ పియానోతో, మొత్తం కచ్చేరీ అంతా తన నల్లజాతి పాటలతోనే చేశాడు. ఆ పాటలకు కచ్చేరీ గౌరవం లేని కాలమది. అంతకంటే చెప్పుకోవలసింది ఆయన మిసిసిపీ నది పాట. అది 1927లో 'షో బోట్' అనే సంగీతనాటకం కోసం తెల్లవారు కట్టినది. రేవుకూలీ అలసటా, నిస్పృహా అందులోని భావం. రోబ్సన్ దాన్ని అద్భుతంగా పాడి పేరు తెచ్చుకున్నాడు. 1930ల చివరినుంచి సభల్లో పాడేటప్పుడు మాటలు మార్చాడు: నిస్పృహ ఉన్నచోట పోరాటం పెట్టాడు. స్వరం మారలేదు, కంఠం మారలేదు. అదే లోతైన గొంతు, అదే నిదానం. కాని కొన్ని మాటలు మారేసరికి పాత పాటలో వంగి ఉన్న నడుం కొత్త పాటలో నిటారుగా నిలబడింది. గొంతులోని బరువు పూర్వం అలసటగా వినిపించేది, ఇప్పుడు బలంగా వినిపిస్తుంది. భావం గొంతులో విడిగా ఉండే పదార్థం కాదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? 1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు రద్దుచేసింది. 1958 దాకా తిరిగి ఇవ్వలేదు. 1957లో ఆయన న్యూయార్కులో ఉండి, సముద్రగర్భంలోని టెలిఫోను తీగ మీదుగా లండన్ సభకు పాడాడు. పాటగాడి మాటకు పూచీ ఉన్నదని ఆ ప్రభుత్వం గుర్తించినంత స్పష్టంగా మన విమర్శకులు గుర్తించలేదు.

ఇక మన సంగతి. మన సభల్లో పాట స్థానం ఏమిటి? వక్త రైలు దిగి వచ్చేలోపల జనం లేచిపోకుండా చూడటం. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు మైకు ముందు నిలబడతారు. ఒకరి శ్రుతి ఒకరికి కలవదు. తొలి అక్షరంనుంచి చివరి అక్షరందాకా ఒకటే కేక. చనిపోయిన కామ్రేడు మీద పాటకూ, భూస్వామిని వెక్కిరించే పాటకూ అదే కేక. ఎవరైనా నసిగితే "భావం ముఖ్యం" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. నిజానికి అక్కడ కొరవడింది భావమే. దుఃఖానికీ హాస్యానికీ తేడా తెలియని గొంతులో భావం ఎక్కడిది? పనిచేసి అలసివచ్చిన మనిషి ముందు సాధన లేకుండా నిలబడటం అతన్ని గౌరవించడం కాదు. చెడ్డ ఇటికలతో పేదవాడికి ఇల్లు కట్టి, ఉద్దేశం మంచిదని చెప్పే మేస్త్రీని మనం ఒప్పుకుంటామా?

మన ముందుతరం ఇలా లేదు. బుర్రకథ నాజర్ (1920–1997)ను తలుచుకోండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టి, పేదరికంలోనే శాస్త్రీయ సంగీతం నేర్చి, ప్రజానాట్యమండలిలో బుర్రకథకు కొత్త రూపం ఇచ్చినవాడు. కథకుడు మధ్య నిలబడి తంబురా మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ, అడుగులు వేస్తూ కథ నడపాలి. పక్కన ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ ఉంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. మాటనుంచి పాటలోకి, పాటనుంచి మాటలోకి అతుకు తెలియకుండా దాటాలి. హాస్యగాడి మాటకు జనం నవ్వుతుండగానే, ఆ నవ్వు పూర్తికాకముందే బెంగాలు కరువులో చచ్చిన బిడ్డ దగ్గరకు వారిని తీసుకుపోవాలి. ఊపిరి మీద, లయ మీద, మూడు స్థాయిల మీద పట్టులేనివాడికి అది సాధ్యమయ్యే పని కాదు. నాజర్‌ను జనం కవులకంటే ఎక్కువగా నమ్మారంటే అందుకు కారణం సిద్ధాంతం ఒక్కటే కాదు. ఆ సిద్ధాంతం వారి చెవికి శ్రుతి తప్పకుండా చేరడం.

ఇక్కడ అసలు చిక్కు వస్తుంది. నాజర్‌లు ఎందరు? మన దేశంలో గాత్రశిక్షణ ఒక చోట, పాడవలసిన బతుకు మరొక చోట పెరిగాయి. శిక్షణ దొరికినవారికి చెప్పుకోవలసిన కష్టం తక్కువ. కష్టం ఉన్నవారికి శిక్షణ ఇచ్చేవారు లేరు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఘంటసాల జోలె కట్టుకుని ఇంటింటికీ మధూకరానికి వెళ్ళిన సంగతి మనకు తెలుసు. ఆ ఆకలి నిజమైనది, ఆ పట్టుదల తలవంచి నమస్కరించదగినది. కాని మధూకరం కూడా కులాన్నిబట్టే పడేది. ఏ గడపల ముందు నిలబడి ఆయన అన్నం అడిగాడో, ఆ గడపల దగ్గరకు మాల మాదిగ పిల్లవాడు సంగీతం కోసం జోలె పట్టుకుని రాగలిగేవాడు కాదు. ఎంత గొప్ప గొంతులు అలా నాట్లలోనూ, కోతల్లోనూ, కల్లాల్లోనూ మాయమైపోయాయో లెక్క రాసినవారు లేరు. "భావం ముఖ్యం" అన్న మన మాట ఈ అన్యాయానికి తెలియకుండానే వంత పాడుతోంది. వారికి భావం ఉంది గనుక శిక్షణ అక్కరలేదని చెప్పడం, కూలివాడికి కండబలం ఉంది గనుక యంత్రం అక్కరలేదని చెప్పడం వంటిదే.

మా కళాశాలలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నాట్ల పాటలు పాడుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తల్లి వెంట పొలానికి పోయి విన్నవి. ఏ మాటను ఎక్కడ నొక్కాలో, ఏ మాటను విసిరేసినట్టు అనాలో ఆమెకు చెప్పవలసిన పనిలేదు. అయితే మూడో పాట దగ్గరకు వచ్చేసరికి గొంతు రాసుకుపోతుంది. ఊపిరి పొట్టలోనుంచి రాదు. మెడ నరాలు ఉబ్బేలా గొంతుతోనే నెట్టుకువస్తుంది. నాలుగో పాట ఉండదు. ఆ ఊళ్ళో సంగీతం చెప్పే మాస్టారొకరు ఉన్నారు, మంచివారు, ఫీజు లేకుండా చెబుతానన్నారు. ఆయన పాఠం సాయంత్రం ఆరింటికి. ఆ వేళకు తల్లి ఇంకా పొలంనుంచి రాదు. ఇంట్లో పొయ్యి వెలిగించవలసింది ఈ అమ్మాయే.